ఏడో మలుపులో ఎడమ పక్క

"స్టీరింగ్ తిప్పారా?"

"తిప్పాను."

"ఎటు?"

"ఎడమకి."

"ఆ పక్క మీ మేనల్లుడి కారు వస్తోందని తెలిసే తిప్పారా?"

"తెలిసే తిప్పాను."

డిటెక్టివ్ పెన్సిలు జేబులో పెట్టేసుకున్నాడు. యాక్సిడెంటు కేసులతో ఆయనకి ఇరవై ఆరేళ్ల పరిచయం. మొదటి పదిహేనేళ్లు పోలీసు శాఖలో, తరవాత సొంతంగా. నడుముకి ఎప్పుడూ యాభై మీటర్ల కొలత టేపు వేలాడుతూ ఉంటుంది కాబట్టి అసలు పేరు అందరూ మర్చిపోయి 'టేపు' అనే పిలుస్తారు. గుద్దినవాడు ఎవడైనా ఆయనతో మొదట అనే మాట ఒకటే: 'నాకు కనపడలేదు సార్.' అడిగిన ప్రతిదానికీ అవునని, నేరాన్ని తనే ఎత్తి నెత్తిన పెట్టుకునే మనిషిని చూడటం ఇదే మొదలు.

ఆ మనిషి గ్యారేజీలో చిన్న స్టూలు మీద కూర్చుని, ఎప్పుడో శుభ్రమైపోయిన స్పానర్‌ని ఇంకా గుడ్డతో తుడుస్తున్నాడు. వయసు నలభై ఎనిమిది. రేసుల్లో కారు నడపడం మొదలుపెట్టి ఇరవై రెండేళ్లు. మేనల్లుడు 'మామా' అని పిలవడం విని, కార్లు సిద్ధం చేసే పిట్‌లో అందరికీ ఆయన మామే అయిపోయాడు. ఇప్పుడు ఆ మేనల్లుడు లేడు. ఇరవై మూడేళ్ల చిట్టి, మొన్న ఆదివారం రేసులో అందరికంటే ముందుండి, ఇంకా మూడు రౌండ్లు ఉన్నాయనగా ఏడో మలుపు దగ్గర గోడకి కొట్టుకుని పోయాడు. గ్యారేజీలో రెండో కారు ఉండాల్సిన చోట నేల మీద నాలుగు టైర్ల మచ్చలు మాత్రమే మిగిలాయి.

"మామా, ఒక్కటి చెప్పండి," అన్నాడు టేపు. "చిట్టి మిమ్మల్ని ఎప్పుడూ ఎక్కడ దాటేవాడు?"

"ఏడో మలుపులోనే. నాలుగేళ్లుగా అంతే. నేను కుడికి జరుగుతాను, వాడు ఎడమ నుంచి దూరిపోతాడు. నేనే నేర్పాను."

"మొన్న ఎందుకు జరగలేదు?"

స్పానర్ తుడుస్తున్న చెయ్యి ఆగింది. మళ్లీ కదిలింది.

"జరగలేదు. అంతే రాసుకోండి."

బయట మామ భార్య గోడకి ఆనుకుని నిలబడి ఉంది. టేపుని పిలిపించింది ఆవిడే.

"నాతోనూ ఇంతే సార్. నాలుగు రోజులైంది. మంచినీళ్లు కావాలా అంటే ఊ అంటాడు, వద్దా అన్నా ఊ అంటాడు. సాయంత్రం ఐదింటికి రేసు కమిటీ ముందు తప్పు ఒప్పుకుని సంతకం పెట్టేస్తాడట. పెడితే లైసెన్సు ఒక్కటే కాదు, కావాలని గుద్ది చంపాడని పోలీసు కేసు కూడా. చిట్టి వాళ్లమ్మ, మా ఆడపడుచు, ఇక మా గుమ్మం తొక్కనని చెప్పి పంపింది. ఎదిగిన మేనల్లుణ్ణి చూసి అన్నయ్య ఓర్వలేకపోయాడట!" కళ్లు తుడుచుకుని, ఏడుపులోనే నవ్వింది. "ఆయనకి అసూయ ఏంటి సార్? ఆయన గెలిచిన కప్పులో నేను పిన్నీసులు వేసుకుంటాను. ఒక్కరోజు కూడా అడగలేదు."

"ఆడపడుచు ఆ రోజు ఎక్కడుంది?"

"టవర్ మీద. రెండు కార్లకీ కళ్లు తనే. చెవులకి రేడియో పెట్టుకుని పైనుంచి చూసి చెప్తుంది. ఈ కారు మాట ఆ కారుకి వినపడదు. ఇద్దరూ దానితోనే మాట్లాడాలి."

టేపు వాచీ చూసుకున్నాడు. ఒంటిగంటన్నర. చేతిలో మూడున్నర గంటలు.

*

రేసులో ఒక రౌండు వెనకబడ్డ కారు, మొన్న మామ కారులా, అందరికంటే మొదట ఉన్న కారు వెనక నుంచి వస్తే దారి ఇవ్వాలి. ఇవ్వమని నీలం జెండా చూపిస్తారు. అలాగని దాటేవాడు కళ్లు మూసుకుని దూరకూడదు. ముందున్నవాడు ఏం చేస్తున్నాడో చూసుకునే దాటాలి. ఇద్దరూ గుద్దుకుంటే తప్పెవరిదన్న వాదన రేసులు పుట్టినప్పటి నుంచీ ఉంది. కానీ టేపు ఇక్కడ వెతుకుతున్నది తప్పు కాదు, కారణం. ఇరవై రెండేళ్లు దారి ఇచ్చిన మనిషి ఒక్క రోజు ఎందుకు ఇవ్వలేదు?

ఏడో మలుపు ఎడమకి తిరుగుతుంది. మలుపుకి ముందు రోడ్డు మీద నల్లటి బ్రేకు చారలు, అన్నీ ఒకేచోట మొదలై, అల్లుకుపోయినట్టున్నాయి. టేపు వంగి, వాటిని వదిలేసి వెనక్కి నడిచాడు. అక్కడ ఇంకో జత చారలు ఒంటరిగా ఉన్నాయి. వెడల్పు కొలిచాడు. మామ కారు టైర్ల కొలతే. కొలత టేపు పరిచాడు. మిగతావాళ్లందరికంటే ఇరవై రెండు మీటర్ల ముందు మొదలయ్యాయి. నిటారుగా పద్దెనిమిది మీటర్లు వచ్చి, అప్పుడు ఎడమకి వంగాయి.

గుద్దాలనుకున్నవాడు ముందుగా బ్రేకు ఎందుకు వేస్తాడు?

మలుపు దాటి అవతలికి వెళ్లాడు. ఎడమ అంచున, రోడ్డు మీద చాపంత మేర బూడిదరంగు మరక. నూనె ఒలికితే పీల్చుకోవడానికి చల్లే పొడి. నూనెతో కలిసి గట్టిపడి, ఊడ్చినా పోలేదు. మూడు వైపులా దళసరిగా ఉంది. నాలుగో వైపు పలచబడి, చల్లుతున్న చెయ్యి మధ్యలో ఆగిపోయినట్టుంది. దళసరిగా ఉన్నచోట రెండు గుండ్రటి గుంటలు పక్కపక్కనే. టేపు తన మోకాళ్లు పక్కనే ఆనించి చూశాడు. సరిగ్గా అంతే ఎడం.

మరక అంచున ఎర్రటి గీత ఒకటి గోడ వైపు పోయింది. చిట్టి కారు ఎరుపు. టేపు జేబులోంచి చాకు తీసి, గీత ఉన్నచోట గోరంత పెంకు లేపాడు. వెలుతురులో పట్టి చూశాడు. కింద పొడి, పైన రంగు.

పెంకుని కాగితంలో మడిచి జేబులో పెట్టుకునేలోపు వెనక కారు ఆగింది.

"ఏమయ్యా టైలరూ! జాకెట్టుకా కొలతలు, లాగుకా?"

రేసు కమిటీ చీఫ్. ఒకప్పుడు పెద్ద డ్రైవరు. ఇప్పుడు రేసు ఆపాలన్నా నడపాలన్నా ఆయన నోట్లోంచి రావలసిందే. ఈ ప్రమాదం మీద కమిటీ తరపున విచారణ చేసిందీ ఆయనే.

"కోటుకండీ," అన్నాడు టేపు, లేచి మోకాళ్లు దులుపుకుంటూ. "ఎవరికి సరిపోతుందో చూస్తున్నా."

"చూసేదేముంది? చిట్టి కారుకున్న కెమెరాలో అంతా ఉంది. ముందు మామ కారు. చిట్టి ఎడమకి వచ్చాడు, మామ ఎడమకి కొట్టాడు. ఆరో పోస్టులో నీలం జెండా చూపించినా దారి ఇవ్వలేదు. మామే ఒప్పుకున్నాడు. నీకేం నొప్పి?"

"కెమెరాలో మామ కారు వెనక భాగమే కదా కనపడేది. దాని ముందేముందో కనపడదు."

"ముందేముంటుంది? రోడ్డుంటుంది!"

"దాటేవాడు కూడా చూసుకోవాలని మీ రూలు బుక్కులోనే ఉందండీ."

చీఫ్ ముఖం గట్టిపడింది. "అంటే చచ్చినవాడి మీద వెయ్యమంటావా? ఆ మాట వాళ్లమ్మ ముందు అనగలవా? నీ దగ్గర అంత పొడుగు టేపుంది గానీ, అంత ధైర్యం ఉందా?"

టేపు చాకు మూసి జేబులో పెట్టాడు. నిజంగా ఆ ధైర్యం లేదు ఆయనకి.

"ఇక్కడ పొడి ఎప్పుడు చల్లారు?" అని మాత్రం అడిగాడు.

"గుద్దుకున్నాక. నూనె కారింది, చల్లారు. ఇదిగో, చదువుకో." చీఫ్ ఫైలు తెరిచి ముఖం మీదకి తెచ్చినంత పని చేశాడు. ఏడో మలుపు దగ్గర జెండా ఊపేవాళ్ల పోస్టులో రాసుకున్న పేజీ. మూడు గంటల నలభై రెండు నిముషాల మూడు సెకన్లకి ఢీకొనడం. నలభై మూడు నిముషాల పదికి పొడి. కింద సంతకం.

టేపు పేజీ తిప్పాడు. దాని ముందు పేజీలు, వెనక పేజీలు అన్నీ పెన్సిలు. వానొచ్చినా చెరిగిపోకుండా జెండా పోస్టుల్లో పెన్సిలే వాడతారు. ఈ ఒక్క పేజీ మాత్రం పెన్ను.

"అక్షరం ముత్యాల్లా ఉంది. ఎవరిదండీ?"

"ఎవరిదైతే నీకెందుకు? పది నిముషాల్లో ఇక్కణ్ణించి కదలకపోతే గేటు దగ్గరవాళ్లు మోసుకెళ్తారు."

"మొయ్యక్కర్లేదు, బరువెక్కువ," అని టేపు నడిచాడు. గేటు దగ్గర వాళ్లనే అడిగాడు, ఏడో పోస్టులో ఆదివారం ఎవరున్నారని. వాళ్లు మొహమాటం లేకుండా చెప్పారు.

*

మూడుంపావుకి ఒక చిన్న ఇంటి ముందు గదిలో టేపు కూర్చున్నాడు. ఎదురుగా ఉన్నాయన బళ్లో లెక్కల మాస్టారు. ఆదివారాలు సరదాకి రేసుల్లో జెండా పట్టుకుంటాడు. బల్ల మీద పరీక్ష పేపర్ల కట్ట ఉంది. పైన పేపరు మీద ఎర్ర సిరా కలం పెట్టి ఉంది గానీ, ఒక్క మార్కూ వేసి లేదు.

"నేను చెప్పాల్సింది రాసిచ్చేశానండీ," అన్నాడు మాస్టారు, టేపు నోరు తెరవకముందే.

"రాసింది చూశాను. నేనొచ్చింది లెక్క చేయించుకుందామని." టేపు కాగితం మడత విప్పి పెంకుని బల్ల మీద పెట్టాడు. "ఇది ఏడో మలుపు అవతల దొరికింది. కింద పొడి. పైన చిట్టి కారు రంగు. మాస్టారూ, ఏది ముందు? ఏది తరవాత?"

మాస్టారు పెంకుని చూశాడు. చూస్తూనే ఉండిపోయాడు. లోపల్నించి ఎవరో గిన్నె కింద పెట్టిన చప్పుడైతే ఉలిక్కిపడ్డాడు.

"మోకాళ్ల గుర్తులు కూడా ఉన్నాయి," అన్నాడు టేపు మెల్లగా. "మీవేనా?"

"నావే."

ఆ తరవాత ఇక అడగనక్కర్లేకపోయింది.

"పోస్టులో ఇద్దరం ఉండాలండీ. ఒకడు జెండా, ఒకడు రోడ్డు. నా జోడీకి ఆ రోజు జ్వరం. ఏదో కారు నూనె కార్చుకుంటూ పోయింది. చీఫ్‌కి రేడియోలో చెప్పాను, రేసు ఆపండి, లేదా కార్లని నెమ్మదిగా నడవమనండి అని. 'ఇంకా మూడు రౌండ్లున్నాయి, ఇప్పుడెలా ఆపుతాం? ఇరవై సెకన్లు ఖాళీ ఉంది, చల్లేసి వచ్చెయ్' అన్నారు. జెండా కింద పెట్టి బకెట్ పట్టుకుని వెళ్లాను. ఇరవై సెకన్లు లేవండీ. పదకొండే ఉన్నాయి. నేను లెక్కల మాస్టార్ని, ఆ లెక్క నేనైనా సరిచూసుకోవాలి కదా?"

"ముందు ప్రమాదం ఉందని పసుపు జెండా ఊపేవాళ్లు లేరన్నమాట."

"ఎవరున్నారండీ? జెండా నేల మీద ఉంది, నేను రోడ్డు మీద ఉన్నాను." మాస్టారు రెండు చేతులూ బల్ల మీద పరిచాడు. "తలెత్తితే మామ కారు. నన్ను చూశాడు. కారు ముక్కు కిందకి వంగింది, బ్రేకు పడింది. వెనకాల ఎర్ర కారు ఎడమ నుంచి దూసుకొస్తోంది, సూటిగా నా మీదకే. అప్పుడు మామ కారు ఎడమకి జరిగింది. తలుపు మూసినట్టు. నాకూ ఆ ఎర్ర కారుకీ మధ్యకి. చప్పుడైంది. నేను లేచి గోడ దూకాను. ఎర్ర కారు అడ్డంగా జారుతూ నా పొడి మీద నుంచే పోయింది."

టేపు పెంకుని మళ్లీ కాగితంలో మడిచాడు.

"నేను బతికానండీ," అన్నాడు మాస్టారు. "ఆ కుర్రాడు పోయాడు. మామ మీదకి వచ్చింది. చీఫ్ తెల్ల కాగితం తెచ్చి సంతకం పెట్టమంటే పెట్టాను. పెట్టకపోతే ఇద్దరం మునుగుతామన్నారు. నాలుగు రోజుల నుంచి ఈ పేపర్లు దిద్దుదామని కూర్చుంటున్నాను. పిల్లల తప్పులకి సున్నా వెయ్యడానికి చెయ్యి రావడం లేదు."

పేపర్ల కట్ట అడుగు నుంచి నలిగిన కాగితం ఒకటి తీశాడు. పెన్సిలు రాత. 3:41:40, నూనె. 3:41:52, చీఫ్ మాట మీద రోడ్డు మీదకి. 3:42:03, ఢీ.

"అసలు పేజీ. చింపెయ్యమన్నారు."

"ఐదింటికి వస్తారా?"

"చొక్కా మార్చుకుని వస్తాను."

*

నాలుగు ఇరవైకి కమిటీ ఆఫీసులో చీఫ్ గది. టేపు బల్ల మీద పెంకు పెట్టాడు, పక్కన పెన్సిలు పేజీ పెట్టాడు. చీఫ్ అరుస్తాడనీ, గేటువాళ్లని పిలుస్తాడనీ అనుకున్నాడు. చీఫ్ పిలవలేదు. కళ్లద్దాలు తీసి, ముక్కు మీద గుంటలు రుద్దుకున్నాడు. ఒక్కసారిగా ఆయన వయసు బయటపడింది.

"మనిషి రోడ్డు మీద ఉండగా రేసు నడిపించారు," అన్నాడు టేపు. "తప్పెవరిదో తేలిపోయింది. మామ ఆ మనిషిని కాపాడటానికి అడ్డం వచ్చాడు."

"తేలిందనుకుంటున్నావా? కూర్చో."

"నిలబడే వింటా."

"కూర్చోవయ్యా. ఇది నిలబడి వినేది కాదు."

చీఫ్ సొరుగులోంచి చిన్న రికార్డరు తీశాడు. రేసులో ప్రతి జట్టు రేడియో మాటలూ కమిటీ దగ్గర రికార్డవుతాయి. బటన్ నొక్కాడు.

"ఇది పన్నెండో రౌండు."

ఇంజను హోరులోంచి మామ గొంతు, హుషారుగా: "చెల్లీ, ఆపవే నీ కొడుకుని! గుద్దేస్తాడే!"

ఆడగొంతు, నవ్వుతూ: "తప్పుకో అన్నయ్యా, ముసలాడివయ్యావు!" వెంటనే గొంతు మార్చి, కొడుకుతో ప్రేమగా: "ఎడమ ఖాళీ నాన్నా, వెళ్లిపో."

"ఇది ఇరవై ఏడో రౌండు," అన్నాడు చీఫ్. అదే హోరు. అదే మాట. "ఆపవే నీ కొడుకుని!" అదే నవ్వు. "తప్పుకో ముసలాడా!" ఎడమ ఖాళీ నాన్నా.

"నాలుగేళ్లుగా ప్రతి రేసులోనూ ఇదే వాళ్ల సరదా. మేం కంట్రోల్ గదిలో విని నవ్వుకునేవాళ్లం. ఇక ఇది ఆఖరుది. మూడు నలభై ఒకటి, యాభై ఎనిమిది సెకన్లు."

హోరు మధ్యలో బ్రేకు కీచుమంది. మామ గొంతు: "చెల్లీ, ఆపు వాణ్ణి! ఎడమ వద్దు! ఆపు!"

నవ్వు. ఆ నవ్వు ముందు రెండింటిలాగే ఉంది. "తప్పుకో అన్నయ్యా, రోజూ ఉండేదేగా!" అర సెకను ఖాళీ. "ఎడమ ఖాళీ నాన్నా, వెళ్లిపో."

తరవాత వచ్చిన చప్పుడుని చీఫ్ విననివ్వలేదు. బటన్ నొక్కేశాడు.

టేపు కుర్చీ అంచులు పట్టుకుని ఉన్నాడు. ఇప్పుడంతా సరిపోయింది. మనిషున్నాడని చెప్పడానికి మామకి ఊపిరి లేదు. ఉన్న రెండు మాటల్లో అరిచాడు. చెవిలో చెల్లెలి నవ్వు వినపడగానే అర్థమైపోయింది, దాన్ని కూడా ఆమె సరదా అనుకుందని. మాటతో ఆగని కుర్రాణ్ణి కారుతో ఆపాలని చూశాడు. చిట్టి బ్రేకు వెయ్యలేదు. ఎందుకు వేస్తాడు? ఎడమ ఖాళీ అని అమ్మ చెప్పింది. మామ తప్పుకుంటాడు.

"నీ పెంకు బయట పెట్టావనుకో," అన్నాడు చీఫ్, "మామ ఎందుకు అరవలేదని అడుగుతారు. అరిచాడని ఇది వెయ్యాలి. నిండు గదిలో, ఆ తల్లి ముందు. ఆదివారం సాయంత్రమే మామకి ఇది వినిపించాను. ఒక్క మాట మాట్లాడలేదు. సంతకం ఎక్కడ పెట్టాలని అడిగాడు."

"కొడుకు పోయిన తల్లిని అడ్డం పెట్టుకుని మీ ఉద్యోగం కాపాడుకుంటున్నారు."

"అవును," అన్నాడు చీఫ్. "అద్దంలో రోజూ నాకూ కనపడుతోందయ్యా. నువ్వు చెప్పక్కర్లేదు."

*

నాలుగు యాభైకి వరండాలో మామ బెంచీ మీద ఉన్నాడు, ఇస్త్రీ చొక్కా వేసుకుని, గడ్డం గీసుకుని. పక్కన చోటుంటే టేపు కూర్చున్నాడు.

"విన్నాను," అన్నాడు.

మామ తల తిప్పి చూశాడు. నాలుగు రోజుల్లో మొదటిసారి ఆ ముఖంలో భయం కనపడింది.

"సార్, మీకు దణ్ణం పెడతాను. అది బయటికి రానివ్వకండి."

"మీరు జైలుకి వెళ్తారు మామా."

"వెళ్తాను."

"మీ చెల్లెలు మీ గుమ్మం తొక్కనంటోంది. జీవితాంతం మిమ్మల్ని తిట్టుకుంటుంది."

"తిట్టుకోనివ్వండి. నన్ను తిట్టుకుంటే బతుకుతుంది సార్. తనని తాను తిట్టుకోవడం మొదలుపెడితే బతకదు. బావ పోయాక వాడి కోసమే బతికింది. నాకు దాని సంగతి తెలుసు, చిన్నప్పుడు నేను ఎత్తుకుని తిరిగిన పిల్ల."

"మీ ఆవిడకేం చెప్పను? నన్ను పిలిచింది ఆవిడ."

"ఏమీ దొరకలేదని చెప్పండి. మీ పేరుకి కాస్త మచ్చ. నా కోసం భరించండి."

వరండా చివర మెట్ల దగ్గర లెక్కల మాస్టారు కనపడ్డాడు. తెల్ల చొక్కా, చేతిలో గొడుగు. టేపు లేచి ఆయన దగ్గరకి వెళ్లాడు.

"మాస్టారూ, నేను పిలిచేదాకా నోరు విప్పకండి."

"ఎందుకండీ? చెప్పడానికేగా వచ్చింది?"

"నాకే తెలీదు ఎందుకో," అన్నాడు టేపు. అది అబద్ధం కాదు.

ఐదింటికి తలుపులు తెరిచారు. పొడుగు బల్ల వెనక ముగ్గురు కమిటీ సభ్యులు, మధ్యలో చీఫ్. ముందు వరసలో చిట్టి తల్లి. నాలుగు రోజుల్లో నాలుగు గంటలైనా నిద్రపోయినట్టు లేదు. ఒడిలో రెండు చేతులూ బిగించి పెట్టుకుని, గోడ వైపే చూస్తోంది. అన్నయ్య లోపలికి వచ్చినా తల తిప్పలేదు. మామ భార్య వెనక వరసలో కూర్చుని టేపు కళ్లలోకి చూసింది. ఏమైనా దొరికిందా అన్న చూపు. టేపు చూపు దించుకున్నాడు.

ఒక సభ్యుడు ఆరోపణ చదివాడు. నీలం జెండా పట్టించుకోలేదు. దాటుతున్న కారు మీదకి ఉద్దేశపూర్వకంగా తిప్పాడు. దానివల్ల డ్రైవరు మరణించాడు.

"మీరేమంటారు?"

మామ లేచాడు. "తప్పు నాదే. తెలిసే తిప్పాను. ఇంకెవరి తప్పూ లేదు."

కాగితం ముందుకి జరిపారు. కలం మూత తీసి ఇచ్చారు. ఐదూ ఏడు. టేపు చెయ్యి జేబులో ఉంది. కాగితం మడతలోని పెంకు వేళ్లకి గుచ్చుకుంటోంది. ఈ పెంకు బయటికి తీస్తే ఒక మనిషి నిలబడతాడు, ఇంకో మనిషి కూలిపోతుంది. తియ్యకపోతే చెయ్యని నేరానికి ఒకడు జైలుకి పోతాడు, చేసినవాడు ఆ కుర్చీలోనే ఉంటాడు. వెనక మాస్టారి గొడుగు నేలకి తాటించిన చప్పుడైంది. కలం కాగితానికి ఆనింది.

"ఆగన్నయ్యా."

ఆ గొంతు ముందు వరసలోంచి వచ్చింది. చిట్టి తల్లి లేచి నిలబడింది.

"నువ్వు కూర్చో చెల్లీ," అన్నాడు మామ. "నువ్వేం మాట్లాడకు. కూర్చో."

"నాలుగు రోజులు చూశాను," అంది ఆమె. "నీ మీద ఊరంతా చాటాను. హంతకుడివన్నాను. అప్పుడైనా నువ్వొచ్చి నా మొహం మీద ఒక్క మాట అంటావనుకున్నాను. 'నేను అరిచాను, నువ్వు వినలేదు' అంటావనుకున్నాను. నువ్వలా అంటే, లేదు, నువ్వు అరవలేదని నీతో పోట్లాడదామనుకున్నాను. పోట్లాడి పోట్లాడి నేనే నమ్మేద్దామనుకున్నాను. నువ్వు అనలేదు. నాకు పోట్లాడే దారి కూడా లేకుండా చేశావు."

"చెల్లీ..."

"నువ్వు అలా అరవడం నేనెప్పుడూ వినలేదన్నయ్యా. అమ్మ పోయిన రోజు కూడా నువ్వలా అరవలేదు. తెలిసింది నాకు. ఆ అర సెకనులో తెలిసింది. అయినా నోరు అలవాటు ప్రకారం అనేసింది."

మామ చేతిలోంచి కలం జారి బల్ల మీద దొర్లింది. ఎవరూ పట్టుకోలేదు. టేపు జేబులోంచి చెయ్యి బయటికి తీశాడు.

చిట్టి తల్లి చీఫ్ వైపు తిరిగింది. చీఫ్ కళ్లు దించుకున్నాడు.

"రికార్డు మీ దగ్గరే ఉంటుందిగా," అంది. "వెయ్యండి. మా అన్నయ్య ఎలా అరిచాడో అందరూ వినాలి. తరవాత నా నవ్వు కూడా వినాలి."